సూది విరిగినా స్తోత్రం

ఆ వీధిలో లిఫ్టులు బాగుచేసే ఆయన్ని అందరూ లిఫ్టాయన అనేవాళ్ళు. ఆయన భార్యని చర్చి సంఘంలో పాటమ్మ అనేవాళ్ళు. ఇద్దరికీ సొంత పేర్లు ఉండేవి గానీ, ఆసుపత్రిలో చీటీ రాయించాల్సి వచ్చేదాకా వాటి అవసరం పెద్దగా పడలేదు.

లిఫ్టాయన పొద్దున లేస్తే మేడల మీది మిషను గదుల్లోనో, మేడల కిందున్న లిఫ్టు గుంతల్లోనో గ్రీజు పూసుకుని తిరిగేవాడు. మనుషులతో ముక్తసరిగా ఉండేవాడు. యంత్రాలతో మాత్రం తెగ మాట్లాడేవాడు. ఆ మాటల్లో ముఖ్యమైనది ఒక్కటే: "తస్సాదియ్యా." బ్రేకు పట్టకపోతే కోపంగా అనేవాడు, పట్టిన వెంటనే మెచ్చుకోలుగా అనేవాడు, తలుపు ఇరుక్కుపోతే దీర్ఘం తీసి అనేవాడు. కూతురు పుట్టిన రోజున నర్సు చేతుల్లోంచి బిడ్డను తీసుకుని కళ్ళనీళ్ళతో అన్న మాట కూడా అదే.

పాటమ్మ ఇంట్లో బడిపిల్లలకు యూనిఫారాలు కుట్టేది. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను. కాలు తొక్కుడు ఎంత జోరుగా ఉంటే పాట అంత జోరుగా ఉండేది. ఎవరో రాసిన పాటలు కావు, అప్పటికప్పుడు తనకు తోచినవి. వాటిల్లో ఒకటి సంఘమంతా నేర్చుకుంది.

నీళ్ళొచ్చిన పొద్దున స్తోత్రం
నీళ్ళు రాని పొద్దున స్తోత్రం
సూది విరిగినా స్తోత్రం
దారం తెగినా స్తోత్రం

లిఫ్టాయన స్నానాల గదిలో గడ్డం గీసుకుంటూ అదే వరసలో అందుకునేవాడు. "బోల్టు ఊడినా స్తోత్రం, బెల్టు తెగినా స్తోత్రం, లిఫ్టులో ఇరుక్కుంటే స్తోత్రం, అరవకండి స్తోత్రం!"

"దేవుడి పాటతో వేళాకోళం ఏంటండీ!" అని ఆమె ముందుగదిలోంచి అరిచేది.

"వేళాకోళం ఎక్కడే? జనాన్ని పైకి తీసుకెళ్ళే పనే నాది. మీ పాస్టరుదీ అదే పని. నా లిఫ్టుని ఏడాదికోసారి ఇన్‌స్పెక్టరొచ్చి చూసి పోతాడు. ఆయన లిఫ్టుని ఎవరు చూస్తున్నారు?"

ఆమెకు ఒళ్ళు మండేది. మండుతూండగానే లోపల నవ్వొచ్చేది. నవ్వినందుకు దేవుణ్ణి క్షమించమని అడిగేది. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆమె రోజూ చేసే ప్రార్థన ఒకటుంది. ఆ మనిషి నోట ఎప్పటికైనా స్తుతి వినాలి. ఇంకేం అక్కర్లేదు.

వాళ్ళ సంఘం రంగులు అమ్మే కొట్టుపైన, రెండో అంతస్తులో ఉండేది. ఎంత భక్తిగా కళ్ళు మూసుకున్నా ముక్కుకి టర్పెంటైను వాసన తగిలేది. పాస్టరు గారు ఇదివరకు ఇన్సూరెన్సు ఏజెంటు. మనిషి మంచివాడే గానీ మైకు లేకుండా పక్కవాణ్ణి కూడా పలకరించలేడు. ఆయనకు ఇష్టమైన పాఠం స్తుతి గురించి. యెహోషాపాతు రాజు మీదికి మూడు సైన్యాలు వస్తే ఆయన సైనికుల ముందు పాటగాళ్ళని నిలబెట్టాడనీ, వాళ్ళు స్తుతి మొదలుపెట్టగానే శత్రువులు తమలో తామే కొట్టుకు చచ్చారనీ ఏడాదికి నాలుగుసార్లయినా చెప్పేవాడు. "స్తుతే మన ఆయుధం! పాడే నోటిని ఏ శత్రువూ ఓడించలేడు!"

పాటమ్మ ఇంటికొచ్చి ఆ పాఠం వివరిస్తే లిఫ్టాయన శ్రద్ధగా విన్నాడు.

"ఆ రాజు బుర్ర ఉన్నవాడే. పాటగాళ్ళు పోతే పోతారు, సైనికులు మిగులుతారని లెక్కేసుకున్నాడు."

ఆమె ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు.

ఒక ఆదివారం సంఘంలో స్తుతి జయ మహోత్సవం పెట్టారు. పొద్దున ఎనిమిది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఆపకుండా పాటలే. ధ్యాస చెదరకూడదని పాస్టరు గారు గుమ్మం దగ్గర బట్టలు వేసుకునే పెద్ద ప్లాస్టిక్ బుట్ట పెట్టించి, వచ్చినవాళ్ళందరి ఫోన్లూ అందులో వేయించి, పైన దుప్పటి కప్పించాడు. "శత్రువు మన జేబులోకి దూరే దారి ఇదే!" అన్నాడు. పాటమ్మ అందరికంటే ముందు వేసింది. పాట మొదలుపెట్టాల్సింది ఆమే కదా.

ఆమె ఇంట్లోంచి బయల్దేరినప్పుడు లిఫ్టాయన అద్దం ముందు నురగ పూసుకుంటున్నాడు.

"ఈ ఒక్క రోజైనా రావచ్చుగా," అంది.

"నేనొస్తే మీ దేవుడు లేచి వెళ్ళిపోతాడే," అన్నాడు. చాలాకాలం దాకా ఆయన తిన్నగా మాట్లాడిన ఆఖరి వాక్యం అదే.

కూతురు కళ్ళద్దాల కొట్లో పనిచేసేది. పెళ్ళయి రెండు వీధుల అవతల ఉండేది. ఆదివారం మధ్యాహ్నాలు భర్తతో కలిసి పుట్టింటికి రావడం అలవాటు. ఆ రోజు పన్నెండింటికి తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసింది. నాన్న స్నానాల గది నేలమీద పక్కకి ఒరిగి పడి ఉన్నాడు. ఒక చెంప నున్నగా ఉంది. రెండో చెంప మీద నురగ ఎండి తెల్లగా అట్ట కట్టింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నోరు కదులుతోంది. మాట రావడం లేదు.

అల్లుడూ ఆమే కలిసి ఆయన్ని ఆసుపత్రికి చేర్చారు. దారిలో కూతురు తల్లికి పదకొండుసార్లు ఫోను చేసింది. పదకొండుసార్లూ ఆ ఫోను బుట్టలో, దుప్పటి కింద, ఇంకో అరవై ఫోన్ల అడుగున వణికింది. బుట్ట దానంతటదే కదలడం చూసి గుమ్మం పక్కన కూర్చున్న ఒక ముసలమ్మ ఆత్మ దిగి వచ్చిందనుకుని చేతులెత్తిందట. సరిగ్గా అప్పుడు లోపల పాటమ్మ గొంతెత్తి, సూది విరిగినా స్తోత్రం అంటోంది.

ఆమె ఆసుపత్రికి చేరేసరికి రెండయింది. డాక్టరు నెమ్మదిగానే చెప్పాడు. మెదడులో ఎడమవైపు రక్తం గడ్డకట్టింది. కుడి చెయ్యి, కుడి కాలు చచ్చుబడ్డాయి. మాట పోయింది. ప్రాణానికి భయం లేదు.

"గడ్డని కరిగించే ఇంజెక్షను ఒకటుంది. అయితే మొదటి నాలుగున్నర గంటల్లో ఇవ్వాలి. ఆ టైము దాటిపోయిందమ్మా."

పాటమ్మ వేళ్ళమీద లెక్కపెట్టుకుంది. ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు. ఒక్కో గంటకీ తను ఏ పాట పాడిందో ఆమెకు గుర్తుంది.

మూడోరోజు లిఫ్టాయన నోరు తెరిచాడు. నర్సు సూది గుచ్చితే స్పష్టంగా, పూర్వంలాగే అన్నాడు, "తస్సాదియ్యా!"

కూతురు ఎగిరి గంతేసింది. "అమ్మా! నాన్న మాట్లాడాడు!"

కానీ వచ్చింది ఆ ఒక్క మాటే. నీళ్ళు కావాలా అంటే అదే. నొప్పిగా ఉందా అంటే అదే. అల్లుడు నమస్కారం పెడితే అదే. పెద్ద డాక్టరు పదిమంది కుర్ర డాక్టర్లని వెంటేసుకొచ్చి "ఈ రోజు ఎలా ఉందండీ?" అంటే ఆయన అందరివంకా ప్రేమగా చూసి అదే అన్నాడు. తను ఏమంటున్నాడో ఆయనకు తెలుస్తూనే ఉంది. వేరే మాట కోసం నోరు తెరిచేవాడు, కళ్ళు పెద్దవి చేసేవాడు, మెడనరాలు ఉబ్బేవి. చివరికి వచ్చేది ఇదే. వచ్చాక సిగ్గుతో తల తిప్పుకునేవాడు.

పాస్టరు గారు చూడడానికొచ్చాడు. చేతిలో మైకు లేకపోవడంతో ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు. దీర్ఘంగా ప్రార్థన చేసి, లిఫ్టాయన భుజం తట్టి, "ఏమంటారు బ్రదర్? దేవుడు మేలు చేస్తాడు కదూ?" అన్నాడు.

"తస్సాదియ్యా," అన్నాడు లిఫ్టాయన.

"ఆమెన్," అనేశాడు పాస్టరు గారు అలవాటుకొద్దీ.

కూతురు నవ్వాపుకోలేక బయటికి పరిగెత్తింది. పాస్టరు గారు పాటమ్మని వరండాలోకి పిలిచాడు. "అమ్మా, ఇప్పుడే పాడాలి నువ్వు. ఇలాంటప్పుడే స్తుతి ఆయుధమవుతుంది. నువ్వు పాడు, జయం చూస్తావు."

"పాడుతుండగానే కదండీ పడిపోయింది," అంది పాటమ్మ. "నేను అక్కడ చేతులెత్తి జయం, జయం అంటున్నా. ఆయన ఇంట్లో నేలమీద నోరు కదుపుతూ ఉన్నాడు. నాలుగు గంటలు. ఏ శత్రువుని కొట్టిందండీ ఆ ఆయుధం?"

పాస్టరు గారు తల వంచుకుని మెట్లు దిగిపోయాడు.

ఆ రోజు నుంచి ఆమె పాట మానేసింది. మూడు వారాలకు ఆయన్ని ఇంటికి తెచ్చి ముందుగదిలో మంచం వేశారు. మిషను తొక్కుడు చప్పుడు తప్ప ఇంట్లో ఇంకే చప్పుడూ లేదు. ఆయనకు మాట లేదు, ఆమెకు పాట లేదు. కూతురొచ్చి కూర్చుంటే గోడలతో మాట్లాడుతున్నట్టుండేది.

ఒక రోజు పొద్దున పాటమ్మ చొక్కాలకు కాలర్లు కుడుతోంది. తొక్కుడు ఒక వరసలో పడింది. మంచంమీద లిఫ్టాయన ఆ వరసకి ముక్కుతో కూనిరాగం తీశాడు. ఆమె పట్టించుకోలేదు. కూనిరాగం గొంతులోకి దిగింది. దిగి, పెదాల మీదికొచ్చి, మాటలుగా విచ్చుకుంది.

"నీళ్ళొచ్చిన పొద్దున స్తోత్రం... నీళ్ళు రాని పొద్దున స్తోత్రం..."

పాటమ్మ కాలు ఆగిపోయింది. ప్రతి అక్షరమూ స్పష్టంగా ఉంది. నత్తి లేదు, తడుముకోవడం లేదు. ఆయన ఆమెకంటే ఎక్కువ హడలిపోయి, ఆపితే మళ్ళీ రాదేమోనని ఆపకుండా పాడేస్తున్నాడు. సూదీ దారం అయిపోయాక తన సొంత బోల్టులూ బెల్టులూ కూడా అందుకున్నాడు.

ఇరవై తొమ్మిదేళ్ళుగా అడిగిన స్తుతి ఆయన నోట వచ్చింది. ఎప్పుడొచ్చిందంటే, ఆమెకు అది వినే మనసు లేనప్పుడు.

సంగతి కూతురి ద్వారా గంటలో సంఘమంతా పాకింది. సాయంత్రానికి పాస్టరు గారు పదిమందిని వెంటబెట్టుకుని దిగాడు. లిఫ్టాయన వాళ్ళకి మొత్తం పాట వినిపించాడు. "అరవకండి స్తోత్రం" దగ్గర ఇద్దరు ఏడ్చారు. పాస్టరు గారు ఆనందం పట్టలేక, "బ్రదర్, ఇప్పుడు మీ మనసులో ఏముందో చెప్పండి!" అన్నాడు.

"తస్సాదియ్యా."

టైర్ల కొట్టు నడిపే సంఘపెద్ద గడ్డం నిమురుకున్నాడు. "ఒకే నోట స్తుతీ, తిట్టూనా? ఇది సగమే వదిలింది పాస్టరు గారూ. ఇంకో సగం లోపలే ఉంది."

"సగం దెయ్యం ఏంటి పెదనాన్నా?" అంది కూతురు. "దానికేమన్నా హాఫ్ టిక్కెట్టు ఇచ్చారా? మా నాన్నకి జబ్బు. మీరంతా కాస్త లేస్తే గాలాడుతుంది."

మర్నాడు ఆయన్ని ఆసుపత్రిలో మాట నేర్పే టీచరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. పాతికేళ్ళ పిల్ల, పొట్టి జుట్టు, గంభీరమైన ముఖం. బొమ్మల అట్టలు ఒక్కొక్కటే చూపించింది. కప్పు, దువ్వెన, గొడుగు, పిల్లి. అన్నిటికీ ఒకే జవాబు వచ్చింది. ఆమె నవ్వకుండా నాలుగుసార్లూ కాగితంమీద రాసుకుంది. తర్వాత పాట పాడమంది. ఆయన పాడాడు. అప్పుడు నవ్వింది.

"చాలా మంచిది," అంది. "మనం మామూలుగా మాట్లాడే మాట మెదడులో ఎడమవైపు తయారవుతుంది. అక్కడే దెబ్బ తగిలింది. కంఠతా వచ్చిన పాటలకి కుడివైపు సాయం కూడా ఉంటుంది. అలవాటుగా నోట్లోంచి ఊడిపడే తిట్లు కూడా అంతే, ఆలోచించి చేసే మాట లాంటివి కావు. అందుకే ఆ రెండూ మిగిలాయి."

పాటమ్మ అడిగింది. "అంటే... స్తుతీ తిట్టూ ఒకే గదిలో ఉంటాయా అమ్మా?"

"ఒకే గది అని చెప్పలేనండీ. పక్క పక్క గదులనుకోండి."

లిఫ్టాయన భుజాలు కదిలేలా నవ్వాడు. పడిపోయాక అదే మొదటిసారి నవ్వడం.

టీచరమ్మ పద్ధతి చెప్పింది. ఆయనకు తెలిసిన పాట వరసలో రోజువారీ మాటలు పెట్టి పాడించాలి. ఎడమచేత్తో తొడమీద తాళం వెయ్యాలి. పూటకి అరగంట, రోజుకి రెండు పూటలు. ముందు ఇంట్లోవాళ్ళు పాడాలి, వెనక ఆయన అందుకోవాలి. "మీలో ఎవరు పాడతారు?"

"నేను పాడితే నాన్నకి ఉన్న మాట కూడా పోతుంది," అంది కూతురు. ఇద్దరూ పాటమ్మ వంక చూశారు.

"నేను పాడను," అంది పాటమ్మ.

"భక్తి పాట అక్కర్లేదండీ," అంది టీచరమ్మ. "వరస ఒక్కటి చాలు."

వరస ఒక్కటే అనుకునే ఆమె మొదలుపెట్టింది. పళ్ళు బిగబట్టి, మందు మింగిస్తున్నట్టు పాడేది. నీళ్ళొచ్చిన పొద్దున అనే చోట "నీళ్ళు కావాలి నాకు" అని. ఆయన తొడమీద తాళం వేస్తూ వెంట పడేవాడు. నాలుగో రోజుకి "నీళ్ళు" వచ్చింది. వారానికి "కావాలి" వచ్చింది. "దుప్పటి తియ్యి", "చాలు", "టీ చల్లారింది" ఒకటొకటే ఎక్కాయి. పాట లేకుండా అడిగితే మళ్ళీ పాత కథే. కాబట్టి ఆ ఇంట్లో టీ చల్లారినా అది ఆరాధనలాగే వినిపించేది. స్తోత్రం అనే మాటని మాత్రం పాటమ్మ ఎక్కడా పెట్టలేదు. ఆ చోట గొంతు మింగేసి ముందుకెళ్ళేది.

ఇలా మూడు వారాలు గడిచాక ఒక మధ్యాహ్నం, బడి తెరిచే రోజులు దగ్గరపడి పని మీద పని పడిన వేళ, మందపాటి లాగు కుట్టు దగ్గర పాటమ్మ మిషను సూది టప్పున విరిగింది. విరిగిన ముక్క ఆమె చెంపకి తగిలి కింద పడింది.

మంచంమీంచి లిఫ్టాయన అందుకున్నాడు. "సూది విరిగినా స్తోత్రం..."

ఎగతాళి చేశాడో, ఓదార్చాడో, వేరే మాట లేక అన్నాడో ఆయనకే తెలియాలి. పాటమ్మకి మాత్రం నెత్తిన నిప్పులు పోసినట్టయింది. చేతిలోని లాగు విసిరికొట్టి లేచి నిలబడింది. చూపు ఆయన మీద లేదు, పైకప్పు మీద ఉంది. నోరు తెరిస్తే తిట్టే రావాలి. అయితే వారాల తరబడి ఆ వరసలోనే నలిగిన గొంతు కాబట్టి తిట్టు కూడా ఆ వరసలోనే వచ్చింది.

నీ పాట పాడుతుంటే పడిపోయాడు
నీ బుట్టలో నా ఫోను వణికింది
నీకు చెవులున్నాయా, లేవా
చెప్పను, చెప్పను స్తోత్రం

గొంతు పగిలేలా రెండుసార్లు పాడింది. వీధిలో పోతున్న పాలాయన సైకిలు ఆపి విన్నాడు. ఆమె మూడోసారి పాడబోయి, ఊపిరి చాలక నేలమీద కూలబడి ఏడ్చింది. తలవంచి ప్రార్థన చేసి రెండు నెలలు కావస్తోంది. ఇన్నాళ్ళకి దేవుడితో ఆమె కలిపిన మొదటి మాట ఇది.

లిఫ్టాయన ఎడమచెయ్యి తొడమీద తాళం వేస్తూనే ఉంది. ఆయన నోరు తెరిచాడు. మూసుకున్నాడు. మళ్ళీ తెరిచాడు. ఎవరూ నేర్పని మాట కోసం చీకట్లో తడుముకున్నట్టు తడుముకున్నాడు. చెమట పట్టింది. ఆమె లేచి ఆయన దగ్గరికి వెళ్ళింది.

"నువ్వున్నా..." అని పాడాడు. ఆగాడు. తాళం తప్పింది, మళ్ళీ పట్టుకున్నాడు. "నువ్వున్నా... పడేవాణ్ణి."

ఆమె ఆయన మంచం పట్టె పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. అది సగం నిజమేనని ఇద్దరికీ తెలుసు. ఆమె ఇంట్లో ఉన్నా పడేవాడే, కాకపోతే వేళకి ఇంజెక్షను పడేది. అయినా జబ్బు పడ్డాక సొంతంగా కూర్చుకున్న మొదటి రెండు మాటల్నీ ఆయన ఇందుకోసం ఖర్చుపెట్టాడు. వాటి వెనకే అలసటగా "తస్సాదియ్యా" కూడా వచ్చింది గానీ ఆమెకు అది వినబడలేదు.

ఆ సాయంత్రం కొత్త సూది ఎక్కించి లాగు పూర్తిచేసింది. కుడుతూ పాడింది. ఈసారి స్తోత్రం అన్న చోట గొంతు మింగలేదు. దేవుడు ఏదో తేల్చి చెప్పాడని కాదు. ఆమె అడిగినదానికి జవాబు ఇంకా రాలేదు, ఆ సంగతి ఆమె మర్చిపోలేదు కూడా. కానీ కోపమొచ్చినప్పుడు మొహంమీద అనేసే చనువు ఒకటుందని ఆ రోజు తెలిసింది. ఆ చనువు ఉన్నచోట మాట పూర్తిగా తెగిపోదు కదా అనుకుంది.

ఇంకో నెలకి పాస్టరు గారు సాక్ష్యం చెప్పించడానికి లిఫ్టాయన్ని పిలిచాడు. "స్తుతికి కలిగిన జయం జనం కళ్ళారా చూడాలి బ్రదర్!" లిఫ్టాయన తల ఊపాడు. పాటమ్మ ఆశ్చర్యపోయింది. ఈ మనిషి అంత తేలిగ్గా ఒప్పుకున్నాడంటే ఏదో ఉందనుకుంది.

రెండో అంతస్తు, లిఫ్టు లేదు. నలుగురు మనుషులు ఆయన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్ళారు. మలుపు దగ్గర కుర్చీ వాలితే ఆయన "మెల్లగా, మెల్లగా" అని రాగం తీశాడు. మోస్తున్న టైర్ల కొట్టాయన భక్తి పొంగి "ఆమెన్" అన్నాడు, పట్టు వదిలేశాడు. మిగతా ముగ్గురి పుణ్యమా అని ప్రమాదం తప్పింది.

హాలు నిండిపోయింది. గుమ్మం దగ్గర బుట్ట ఎప్పటిలాగే ఉంది, దుప్పటి కప్పి ఉంది. పాస్టరు గారు పావుగంట ముందుమాట చెప్పి, మైకు లిఫ్టాయన ఎడమచేతికిచ్చాడు. ఆయన దాన్ని పాటమ్మ చేతికిచ్చి తన నోటి దగ్గర పట్టుకోమని సైగ చేశాడు. తాళం వెయ్యడానికి ఆయనకున్నది ఆ ఒక్క చెయ్యే.

ఆయన ఆ వరస అందుకున్నాడు.

"ఫోన్లు... బుట్టలో... పెట్టొద్దు."

జనం ఎదురుచూస్తున్నది స్తుతి. వరస వాళ్ళ ఎముకల్లో ఉన్న వరస. వెనక వరసలో ఎవరో అలవాటుగా చప్పట్లు అందుకున్నారు. డోలు వాయించే ఆయన అందుకున్నాడు. మరుక్షణం హాలంతా ఎలుగెత్తి పాడింది.

"ఫోన్లు బుట్టలో పెట్టొద్దు!"

లిఫ్టాయన సంతోషంగా రెండో చరణం ఎత్తాడు. "ఇంటి... దగ్గర... మనిషుంది."

"ఇంటి దగ్గర మనిషుంది!" అంది హాలు చేతులెత్తి.

మూడోసారికి గానీ ముందు వరసలో వాళ్ళకి ఏం పాడుతున్నారో తలకెక్కలేదు. ఒక్కొక్కరే ఆగిపోయారు. చప్పట్లు పలచబడ్డాయి. డోలాయన ఇంకా కళ్ళు మూసుకుని వాయిస్తూనే ఉన్నాడు, పక్కవాళ్ళు మోచేత్తో పొడిచారు. పాస్టరు గారి మొహం సున్నం కొట్టినట్టయింది. టైర్ల కొట్టాయన "నేనప్పుడే చెప్పాను..." అని మొదలుపెట్టాడు.

పాటమ్మ మొదట సిగ్గుతో మైకు దించేయబోయింది. అంతలో లిఫ్టాయన తలెత్తి ఆమె వంక చూశాడు. నిలిచిపోయిన లిఫ్టు ముందు, ఇంకొక్క బోల్టు బిగిస్తే నడుస్తుందని తెలిసినప్పుడు ఆయన మొహంలో ఉండే చూపు అది. నెలల తరబడి ఒంటరిగా తను మోస్తున్న బరువుని ఈ మనిషి మెట్లెక్కించి తెచ్చి అందరి మధ్యా దించాడని ఆమెకు అర్థమైంది. మైకు తన నోటి దగ్గర పెట్టుకుంది. ఆ సంఘం ఎన్నడూ వినని గొంతుతో ఆ రెండు చరణాలూ మొదటినుంచీ పాడింది. వాటికి మూడోది తనే కలిపింది. "ఫోను మోగినా స్తోత్రం, లేచి వెళ్ళినా స్తోత్రం."

ఈసారి అందరూ తెలిసే పాడారు. గుమ్మం పక్కన కూర్చున్న ముసలమ్మ లేచి, దుప్పటి తీసేసి, తన ఫోను వెతుక్కుంది.

ఆరాధన అయ్యాక పాస్టరు గారు మైకు పక్కన పెట్టి వచ్చి వాళ్ళిద్దరి ముందూ కింద కూర్చున్నాడు. "నాదే తప్పమ్మా," అన్నాడు. మైకు లేకుండా ఆయన గొంతు చాలా చిన్నది. "ఆ రోజు వరండాలోనే అనాల్సింది. నోరు రాలేదు."

లిఫ్టాయన ఆయన తలమీద చెయ్యి వేసి, రాగం అక్కర్లేని ఆ ఒక్క మాటా చాలా మృదువుగా అన్నాడు. పాస్టరు గారు ఏడుస్తూ నవ్వాడు.

ఏడాది తిరిగేసరికి లిఫ్టాయనకు నూటయాభై దాకా మాటలొచ్చాయి. దాదాపు అన్నీ రాగంలోనే. కర్ర పట్టుకుని నడవడం వచ్చింది. పాత ఖాతాదారులు కొందరు కబురుచేస్తే వెళ్ళి, లిఫ్టు పక్కన కుర్చీ వేసుకుని చప్పుడు విని జబ్బు ఎక్కడుందో చెప్పేవాడు. చేసేది వేరేవాళ్ళు. అయితే బయట ఆయనకు ఒక చిక్కుండేది. మంగలి దగ్గరికి వెళ్ళి "చెవుల దగ్గర తగ్గించు" అని పాడితే కత్తెర ఆగిపోయేది. బస్సులో "తర్వాతి స్టాపులో దిగాలి" అని పాడితే జనం పక్కకి జరిగేవాళ్ళు. మందుల కొట్లో అమ్మాయి భయపడి యజమానిని పిలిచింది. మనిషి పాడుతూ మాట్లాడినా ఎవరూ తల తిప్పి చూడని చోటు ఊరు మొత్తమ్మీద ఒకటే కనిపించింది.

అందుకని ఆదివారం పొద్దున ఆమెకంటే ముందే తయారై కూర్చునేవాడు.

"నిజంగా నమ్మకం కుదిరిందా మీకు?" అని పాటమ్మ ఒకసారి మెట్ల దగ్గర అడిగింది. అడగకూడదనుకుంటూనే అడిగింది.

ఆయన మొదటి మెట్టు మీద కర్ర ఆనించి ఆలోచించాడు. "ఇంకా... చూస్తున్నా," అని పాడాడు.

"ముప్ఫై ఏళ్ళు చూశారు. ఇంకా ఎంతకాలం?"

"నీకేం తొందర?"

ఇది రాగంలో రాలేదు. మామూలుగా, తిన్నగా, నలుగురూ మాట్లాడుకున్నట్టే వచ్చింది. ఇద్దరూ గతుక్కుమని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మళ్ళీ అనమని ఆమె బతిమాలింది. ఆయన ప్రయత్నించాడు. రాలేదు. భుజాలెగరేసి మెట్లెక్కడం మొదలుపెట్టాడు. ఆమె వెనక, పడితే పట్టుకోవడానికి రెండు చేతులూ చాచి ఎక్కింది. పైన అప్పటికే పాట మొదలైంది, ముందుండి నడిపే మనిషి ఇంకా చేరలేదు కాబట్టి తలో దారిన పోతోంది. మలుపు దగ్గర లిఫ్టాయన ఊపిరి తీసుకోవడానికి ఆగి, చిరాగ్గా తల అడ్డంగా ఆడించి, కర్రని చంకలో ఇరికించుకుని, ఎడమచేత్తో రెయిలింగు మీద తాళం వేశాడు. ఇనుము ఖంగుమంది. ఆమె కింది మెట్టు మీద నుంచే గొంతెత్తింది.